సాక్ష్యంగా పాట: బ్రూస్ కోబర్న్ 1979 ఆల్బమ్‌పై ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాటకు రెండు తావులున్నాయి. అందరూ నిలబడి పాడేది ఆరాధన గీతం. వాక్యోపదేశానికి ముందు ఒక్కరే లేచి, దేవుడు తమకు చేసిన మేలు నాలుగు మాటల్లో చెప్పుకుని పాడేది ప్రత్యేక గీతం. మొదటిదానికి కీర్తనల పుస్తకాలున్నాయి, వాటిలో రాగతాళాల సూచనలున్నాయి, వాటిపై పరిశోధనలూ జరిగాయి. రెండోదాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. కెనడా గాయకుడు బ్రూస్ కోబర్న్ ‘డాన్సింగ్ ఇన్ ది డ్రాగన్స్ జాస్’ ఆల్బమ్ (1979) ఆ రెండో తావుకు చెందినదని, ఆరాధన గీతాల కొలతతో చూస్తే దాని బలం మనకు అందదని నా వాదన.

కోబర్న్ 1945లో ఒట్టావాలో పుట్టాడు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయంలో కొంతకాలం చదివి, పూర్తి చేయకుండానే వచ్చేశాడు. 1970ల తొలి సగంలో క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించాడు. అమెరికాలో అప్పటికే లారీ నార్మన్ వంటివారు సువార్త పాటకు కొత్త బాట వేస్తున్నారు. కోబర్న్ ఆ గుంపులో చేరలేదు. టొరంటో కేంద్రంగా నడిచిన ట్రూ నార్త్ రికార్డ్స్ అనే మామూలు సంస్థలోనే, యూజీన్ మార్టినెక్ నిర్మాతగా ఈ ఎనిమిది పాటలు తెచ్చాడు. యేసు నామాన్ని పదేపదే పలికే పల్లవులు వీటిలో ఉండవు. మొదటి పాట సృష్టిని ఒక నాట్యంగా కలగంటుంది. రెండోదాంట్లో, ఆదికాండం మొదటి అధ్యాయంలో జలాల మీద కదలాడిన దైవాత్మ ఊపిరిలో తనకూ కాస్త చోటిమ్మనే ప్రార్థన ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినబడ్డది ‘వండరింగ్ వేర్ ద లయన్స్ ఆర్’. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 21వ స్థానం దాకా వెళ్లింది. దాని పుట్టుక గురించి కోబర్న్ స్వయంగా చెప్పాడు. ప్రభుత్వ భద్రతా వ్యవహారాలు తెలిసిన బంధువొకరు ఒక రాత్రి భోజనాల దగ్గర చైనా, సోవియట్ యూనియన్‌ల మధ్య ఉద్రిక్తత గురించి మాట్లాడుతూ, తెల్లారేసరికి అణుయుద్ధం వచ్చినా ఆశ్చర్యం లేదన్నారట. తెల్లారింది. యుద్ధం రాలేదు. అంతకు కొన్నేళ్ల ముందు కోబర్న్‌కు వచ్చిన ఒక కలలో సింహాలు గుమ్మం దగ్గర నిలబడి భయపెట్టేవి. ఈసారి కలలో అవి మళ్లీ కనిపించాయి గానీ భయం వేయలేదు. చార్ల్స్ విలియమ్స్ 1931లో రాసిన ‘ద ప్లేస్ ఆఫ్ ద లయన్’ నవల ప్రభావం ఈ చిత్రణలో ఉంది. భయం, ఒక రాత్రి, తెల్లవారడం, కృతజ్ఞత: మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేవారి వరస సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. సాక్ష్యం చెప్పేవారు చివర ఒక వచనం చదివి కూర్చుంటారు. కోబర్న్ ఏమీ వివరించడు.

ఆ వివరణ లేని చోటును నింపేది గిటారే. మిసిసిపీ జాన్ హర్ట్ వంటి బ్లూస్ వాద్యకారుల బాణీ నుంచి నేర్చుకున్న పద్ధతి అది. కుడిచేతి బొటనవేలు మంద్ర తీగల మీద ఒకే నడకను వదలకుండా నడిపిస్తుంది. మిగతా వేళ్లు పై తీగల మీద రాగాన్ని అల్లుతాయి. బొటనవేలి నడక తంబూరా శ్రుతిలా పాటంతా నిలిచి ఉంటుంది గనుక గొంతు ఎత్తాల్సిన పని లేదు. ఈ గాయకుడు దాదాపు మాట్లాడినట్టే పాడతాడు. తారస్థాయిలో కేకపెట్టి శ్రోతను కదిలించే ఇప్పటి మన ఆల్బమ్‌ల అలవాటుకు ఇది బొత్తిగా విరుద్ధం. ఆర్కెస్ట్రా ట్రాక్ ఎంత బరువైతే ఆత్మీయత అంత ఎక్కువనే నమ్మకం మనవాళ్లలో ఎలా స్థిరపడిందో గానీ, దాన్ని వదిలించుకోవాలి.

సింహాల పాటలో రెగే లయ వినిపిస్తుంది. దాన్ని వాయించినవారు టొరంటోలో స్థిరపడ్డ జమైకా వాద్యకారులు. టొరంటోలోని ఎటోబికోలో ఉండి వింటే ఈ విషయం మరింత బాగా తెలుస్తుంది. 1967లో వలసదారుల ఎంపికకు పాయింట్ల పద్ధతి వచ్చాక కరీబియన్ దీవులవారు పెద్ద సంఖ్యలో టొరంటో చేరారు. ఎటోబికో ఉత్తర కొసన ఉన్న రెక్స్‌డేల్‌లో వారి ఇళ్లు, దుకాణాలు, చర్చిలు నేటికీ ఉన్నాయి. ఉద్యోగాల మీద వచ్చిన మనవాళ్లలో ఎందరికో దారి తెరిచిందీ ఆ పద్ధతే. ఆల్బమ్ అట్ట మీద ఉన్నది ఒజిబ్వే ఆదివాసీ చిత్రకారుడు నార్వల్ మారిసో బొమ్మ. నల్లటి గీతల మధ్య ప్రాణుల లోపలి రూపాన్ని చూపే ఈ చిత్రకారుడు ఒజిబ్వే సంప్రదాయం ఎరిగిన తాత దగ్గర, కాథలిక్ అయిన అమ్మమ్మ దగ్గర పెరిగాడు. అట్ట చూసినా, లయ విన్నా ఈ విశ్వాసం ఒక్క ఐరోపా చర్చి ఆవరణలో పెరిగింది కాదని తెలిసిపోతుంది.

మనకూ ఇటువంటి పూర్వికుడున్నాడు. పర్లాకిమిడి ప్రాంతంవాడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో, తన పశ్చాత్తాపాన్నే వస్తువుగా చేసుకుని కీర్తనలు రాశాడు. వాటిని సంఘం సొంతం చేసుకుంది, మంచిదే. కానీ అందరూ ఒకే వేగంతో పాడేసరికి అందులోని ఒంటరి మనిషి గొంతు మరుగున పడింది.

కోబర్న్ 1984 నాటి ‘ఇఫ్ ఐ హాడ్ ఎ రాకెట్ లాంచర్’లో గ్వాటెమాలా శరణార్థుల కష్టం చూసి ఆగ్రహాన్ని దాచుకోలేదు; భక్తిపాటల శ్రోతల్లో కొందరికి అది మింగుడు పడలేదు. అయినా చర్చి అతణ్ని పూర్తిగా వదులుకోలేదు. కెనడా సంగీత పురస్కారాలైన జూనోల్లో సువార్త సంగీతానికి 1998లో ప్రత్యేక విభాగం పెట్టినప్పుడు మొదటి విజేత గాయకుడు స్టీవ్ బెల్. జైలు పాస్టరు కొడుకైన బెల్‌కు గిటారు నేర్పింది ఖైదీలు. ఆ బెల్ 2006లో కోబర్న్ పాటలతోనే ‘మై డిన్నర్ విత్ బ్రూస్’ అనే ఆల్బమ్ చేశాడు. ఒకరి సాక్ష్యాన్ని మరొకరు తన గొంతుతో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

తెలుగు క్రైస్తవ కీర్తన మీద పనిచేస్తున్నవారు సాహిత్యం దగ్గరే ఆగిపోకుండా, ఒంటరిగా పాడే పెద్దల గొంతులను, వారి సాక్ష్యపు మాటలతో సహా రికార్డు చేసి భద్రపరచాలని మనవి.