40 గజాల గీత

తుపాకీని రెండు చేతులా అందుకో. దాదాపు ఐదు కిలోల బరువు, ముంజేతులకు తెలుస్తోంది కదా. గొట్టాన్ని ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపే ఉంచు. వేలు ట్రిగ్గర్ జోలికి పోకూడదు. చాంబర్ తెరువు. కళ్లతో చూస్తే చాలదు, చిటికెన వేలు పెట్టి తడుము. ఖాళీగా ఉంది. ఇక బల్ల ముందు కూర్చో.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, ఓజార్క్ కొండలు, ఏప్రిల్ మూడో వారం. ఓక్ చెట్లు ఇప్పుడిప్పుడే చిగురేస్తున్నాయి, వాటి నీడన డాగ్‌వుడ్ తెల్లగా పూసింది. ఇవాళ శనివారం. సోమవారం తెల్లవారితే వసంతకాలపు టర్కీ కోళ్ల వేట మొదలు. లైసెన్సు నీ జేబులో ఉంది, వేట శిక్షణ కార్డూ ఉంది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి నీకిదంతా కొత్త. పక్కన నిలబడ్డ పెద్దాయనకు మాత్రం ఇది పుట్టి పెరిగిన అడవి. తుపాకీ ఆయనదే.

ఒక తూటా చేతిలోకి తీసుకో. మూడున్నర అంగుళాల పొడవు, పిడికిట్లో పట్టుకుంటే రెండు కొసలూ బయటికి వస్తాయి. ఇత్తడి అడుగున 10 అని అచ్చు ఉంది. ఏమిటా పది? ఈ గొట్టంలో సరిగ్గా పట్టేంత లావు సీసపు గుండు పోతపోస్తే అలాంటివి పది కలిపి ఒక పౌండు తూగుతాయి. అంకె తగ్గేకొద్దీ గొట్టం లావెక్కుతుంది. ఎక్కువ మంది వాడే 12 గేజ్ గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లయితే నీ చేతిలో ఉన్నదానిది 19.7.

ఒక్క మిల్లీమీటరు చిల్లర తేడాకు ఇంత బరువు మొయ్యాలా? నీకు ఈ అనుమానం రావడం సహజం. తూటాలో రెండు ఔన్సుల సీసపు గుళ్లున్నాయి. 5వ నంబరు, ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లు, మొత్తం 340 దాకా ఉంటాయి. సన్నటి గొట్టంలో ఇన్ని గుళ్లు నిలువుగా పేరుకుంటాయి, పేలిన క్షణంలో అడుగున ఉన్నవి పైవాటి బరువుకు నలిగి సొట్టలు పోతాయి. సొట్టపడ్డ గుండు సూటిగా పోదు. లావు గొట్టంలో అవే గుళ్లు పరుచుకుని కూర్చుంటాయి, మందు ఒత్తిడీ తక్కువ. దీని మేలంతా గుళ్లు గుంపు చెదరకుండా వెళ్లడంలోనే ఉంది. ఎక్కువ దూరం కొట్టడానికే పెద్ద తుపాకీ అనుకుని అడవిలోకి వచ్చేవాళ్లుంటారు. వాళ్ల వల్లే సగం దెబ్బ తిన్న పక్షులు పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకం పడతాయి.

చెవులకు మఫ్‌లు పెట్టుకో. కళ్లద్దాలు మరిచిపోకు. ఇరవై గజాల దగ్గర నీ ఛాతీ ఎత్తున పెద్ద కాగితం బిగించి ఉంది, మధ్యలో నల్లటి చుక్క. బట్‌ను భుజపుటెముక మీద కాదు, భుజానికీ ఛాతీకీ మధ్య ఉన్న గుంటలో అదుము. చెంప చెక్కకు ఆనించు. వెనక రెండు పచ్చ చుక్కలు, ముందు ఒక ఎర్ర చుక్క. మూడూ ఒక వరుసలోకి రావాలి. సేఫ్టీ తియ్యి. నెమ్మదిగా నొక్కు.

తన్నింది. పళ్లు కదిలినంత పనైంది. గొట్టం ఆకాశం చూసి మళ్లీ కిందికి దిగింది.

కాగితం దగ్గరికి నడువు. గుళ్ల మూక నల్ల చుక్కకు ఆరు అంగుళాలు పైన, నాలుగు అంగుళాలు ఎడమన పడింది. ఇరవై గజాలకే! పెద్దాయన గుళ్లను చూడడం లేదు, నీ మొహం చూస్తున్నాడు.

"దెబ్బ పడకముందే చెంప ఎత్తేశావు. తన్నుతుందని భయపడ్డావు. భయం లేదని బుకాయించకు, మళ్లీ కాల్చు."

ఈసారి చెంప ఎత్తలేదు. ఎత్తు కుదిరింది, ఎడమ వాటం మాత్రం అలాగే ఉంది. అంటే పైకి పోవడం నీ తప్పు, పక్కకు పోవడం తుపాకీది. రెండూ కలిపి దిద్దబోతే రెండూ చెడతాయి. వెనక చుక్కల కింద సన్నటి మర ఉంది. గుళ్లు ఎటు జరగాలో వెనక సైటును అటే జరపాలి. కుడికి కొంచెం తిప్పు. కాల్చు. ఇంకాస్త తిప్పు. కాల్చు. నల్ల చుక్క చిల్లుల్లో కలిసిపోయింది.

ఇప్పుడు అసలు పరీక్ష. కాగితం నలభై గజాలకు వెళ్లింది.

కాల్చు. వెళ్లి చిల్లులు ఎక్కడ చిక్కగా ఉన్నాయో చూసి, దాని చుట్టూ పది అంగుళాల సున్నా గియ్యి. లోపలి చిల్లులు ఒక్కొక్కటే పెన్నుతో కొట్టేస్తూ లెక్కపెట్టు. వేలు నొప్పి పుడుతుంది, అయినా దాటెయ్యకు. 83. పైగా సున్నాలో కుడివైపు ఒక్క చిల్లూ లేని ఖాళీ, అరచేయంత. నలభై గజాల దగ్గర ఈ సున్నాలో నూరు గుళ్లైనా పడాలని టర్కీ వేటగాళ్ల పాత లెక్క. మెదడూ మెడ వెన్నూ కలిపినా ఆ పక్షిలో గురి పెట్టాల్సిన చోటు అరచేతికి మించదు. ఆ ఖాళీలో దాని తల ఉంటే?

పెద్దాయన తుపాకీ ఖాళీ చేయించి గొట్టం మూతి దగ్గరున్న మర విప్పుతున్నాడు. చేతిలోకి వచ్చింది వేలెడు ఉక్కు గొట్టం. అదే చోక్. బయటికి పోయే గుళ్లను చివరి క్షణంలో దగ్గరికి నొక్కేది ఇదే. దాన్ని తీసేసి కాస్త వదులుగా ఉన్నది బిగిస్తున్నాడు. వదులుదా? బిగువైతేనే గుంపు దగ్గరగా పోదా? కొంతవరకు పోతుంది. ఆ హద్దు దాటితే గుళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని చెల్లాచెదురవుతాయి. ఏ చోక్‌కు ఏ తూటా కుదురుతుందో పెట్టె మీద రాసి ఉండదు, కాగితమే చెప్పాలి.

గొట్టం చల్లారనివ్వు. కాల్చు. లెక్కపెట్టు. 124, ఎక్కడా ఖాళీ లేదు.

నీకు ఉత్సాహం వచ్చింది. యాభై గజాలకు జరపమన్నావు. ఆయన మాట్లాడకుండా జరిపాడు. కాల్చి చూశావు. 61. పక్షి తల పట్టేంత ఖాళీలు మూడుచోట్ల. ఇక పదిహేను గజాలు. అక్కడ గుళ్లన్నీ పిడికెడు చోట ఒకే కన్నం చేశాయి. మరీ దగ్గరికొచ్చిన పక్షి తల కాస్త కదిలితే మొత్తం దెబ్బ గాలికి పోతుంది.

సీసం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువైన టంగ్‌స్టన్ గుళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటితో ఇంకా దూరం కొట్టామని చెప్పుకునేవాళ్లున్నారు. నీ చేతిలో ఉన్నది సీసం. నువ్వు చూసిన కాగితం ఇది. నీ గీత నలభై. సోమవారం ఆ గీత చెరపాలనిపిస్తుంది, చూడు.

*

సోమవారం. చీకటి. విప్-పూర్-విల్ పిట్ట ఆపకుండా తన పేరే అరుస్తోంది. మోకాళ్ల దాకా మంచు తడి. భుజాల కన్నా లావుగా ఉన్న ఓక్ చెట్టు చూసుకుని దానికి వీపు ఆనించి కూర్చో. వెనక నుంచి ఇంకో వేటగాడు వచ్చినా ఆ మాను నిన్ను కాస్తుంది. నీ ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం ఏ రూపంలోనూ ఉండకూడదు, జేబురుమాలైనా సరే. టర్కీ పుంజు తల రంగులు అవే.

వెలుతురు రాకముందే గజాలు కొలుచుకో. ఎదురుగా విరిగిన హికరీ మొద్దు, నలభై. ఎడమన నాచు పట్టిన రాయి, ముప్పై. మొద్దు అవతల ఏదీ నీది కాదు. తుపాకీ మోకాలి మీద. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చనిస్తారు. తూటా వెయ్యి. సేఫ్టీ పెట్టే ఉంచు.

పెద్దాయన నోటి దగ్గర చేతులు పెట్టి గుడ్లగూబలా కూశాడు.

కొండ మీంచి జవాబు. గొబ్‌లొబ్‌లొబ్‌లొబ్! చెట్టుకొమ్మ మీద నిద్రలేచిన పుంజు ఉలిక్కిపడి అరిచింది. నీ చేతుల మీద రోమాలు లేచాయి.

పలక మీద పుల్ల గుండ్రంగా రుద్ది ఆయన పెట్ట గొంతు పలికించాడు, మెత్తగా, మూడుసార్లు. పుంజు మళ్లీ అరిచింది. రెక్కల చప్పుడు, కిందికి దిగింది. ఆ తర్వాత నిశ్శబ్దం. నిజమైన పెట్టలేవో దొరికి ఉంటాయి, వాటి వెంట పోయింది.

అరగంట. గంట. పిరుదులు తిమ్మిరెక్కాయి. మెడ మీద గోమారి పాకుతోంది. తుడవకు. ఈ కొండల్లో టర్కీ కూత ఒకప్పుడు ఆగిపోయినంత పనైంది. అడవులు నరికేసి, అడ్డూఅదుపూ లేకుండా కాల్చేసి, 1950ల నాటికి మిస్సోరిలో కొద్ది వేల పక్షులే మిగిల్చారు. పెంపకంలో పెరిగిన టర్కీలను తెచ్చి వదిలితే బతకలేదు. మిగిలిన అడవి పక్షులనే వలేసి పట్టి, ఖాళీ అయిన అడవుల్లో వదిలారు. అవి పెరిగాకే, 1960లో, మూడంటే మూడు రోజులు మళ్లీ వేటకు అనుమతించారు. తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్ను 1937 చట్టం ప్రకారం ఇలాంటి పనులకే పోతుంది. నువ్వు శనివారం కాల్చిన ప్రతి తూటా ధరలోనూ ఆ వాటా ఉంది.

ఆగు.

ఏదో వినిపించింది. వినిపించడం కాదు, ఛాతీలో తెలిసింది. సన్నటి ఉఫ్, వెంటనే లోతైన గుమ్మ్. పుంజు దగ్గర్లో ఉంది.

హికరీ మొద్దు అవతల నల్లగా ఒక ముద్ద. పురి విప్పింది. ఎండ తగిలి ఈకలు రాగిలా, ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. ఛాతీ మీంచి కుచ్చులా వేలాడే గడ్డం. ఎంత దూరం? యాభై. యాభై ఐదు. అటూ ఇటూ తిరుగుతోంది. ముందుకు రాదు. తనను పిలిచిన పెట్ట ఏది, కనిపించదేం అని చూస్తోంది.

ఎర్ర చుక్క దాని మెడ మీద కూర్చుంది. నీ బొటనవేలు సేఫ్టీ మీద ఉంది. ఇంత లావు గొట్టం. రెండు ఔన్సులు. తగలదా?

61. మూడు ఖాళీలు.

బొటనవేలు తియ్యి.

పుంజు పురి ముడిచింది. తిరిగింది. వాలు దిగి కనుమరుగైంది. పక్కన పెద్దాయన ఊపిరి కూడా మారలేదు. పుల్ల కింద పెట్టి, చేత్తో ఎండుటాకులు గీరుతున్నాడు, పెట్ట మేత కోసం కెలికినట్టు. అంతే, ఇంకేమీ పలకలేదు.

ఎడమన కదలిక. పొదలో ఎరుపు.

గుండె ఎగిరింది. తుపాకీ లేపకు. ఎరుపు కనిపిస్తే కాల్చినవాళ్ల చేతుల్లో మనుషులు పోయారు. టోపీ అంచు కావచ్చు. చెయ్యి కావచ్చు. చూడు. ఎరుపు పక్కన తెలుపు. నీలం. కన్ను. ముక్కు మీంచి వేలాడే కండ. ఇంకా చాలదు. ఒంటిని చూడు. గడ్డం చూడు.

గడ్డం ఉంది. పుంజే.

లావాటి ఓక్ వెనక్కి వెళ్లింది. దాని తల కనబడడం లేదు. ఇప్పుడు! గొట్టం ఎడమకు తిప్పు. ఆపు.

బయటికొచ్చింది. రాయికి కాస్త ఇవతల. ముప్పై లోపు. మళ్లీ పురి విప్పింది. మెడ ఈకల్లోకి ముడుచుకుంది. కాల్చకు. మెడ చాచాలి.

చెంప చెక్కకు ఆనించు. సేఫ్టీ తియ్యి.

క్లక్. పెద్దాయన నాలుకతో ఒక్కసారి.

మెడ లేచింది. నిటారుగా. ఎర్ర చుక్క ఈకలు మొదలయ్యే చోట.

నొక్కు.

ఈసారి తన్నింది నీకు తెలియలేదు. రెక్కలు నేలను కొడుతున్నాయి. లేవకు, పరుగెత్తకు. ఇంకో తూటా చాంబర్‌లోకి లాగు, గొట్టం అటే ఉంచి చూస్తూ ఉండు. రెక్కలు ఆగాయి. సేఫ్టీ పెట్టు. నెమ్మదిగా లేచి అడుగులు లెక్కపెడుతూ నడువు. ఇరవై తొమ్మిది.

తుపాకీ ఖాళీ చేసి చెట్టుకు ఆనించు. పక్షి మెడ చేతిలోకి తీసుకో, ఇంకా వెచ్చగా ఉంది. ఈకలు పక్కకు తోసి వేలితో తడుము. తలలో, మెడలో గుళ్లు దిగాయి, రొమ్ములో ఒక్కటీ లేదు. తోకలో బంగారు గోధుమరంగు అంచు, రెక్కల మీద తెలుపూ నలుపూ చారలు. పది కిలోలకు కాస్త తక్కువ ఉంటుంది. మన ఊళ్లలో పెంచే టర్కీ కోళ్లకు ఇది పూర్వీకుల జాతే, కాళ్లు మాత్రం వాటికన్నా పొడుగ్గా, గట్టిగా ఉన్నాయి.

లైసెన్సు మీద గుర్తు పెట్టు, ఆ తర్వాత ఫోన్‌లో నమోదు చెయ్యి. పెద్దాయన సంచిలోంచి నారింజ రంగు గుడ్డ తీసి పక్షికి చుట్టమంటున్నాడు. భుజాన దీని ఎర్రటి తల వేలాడుతూ పోతే ఇంకెవరికైనా నువ్వే పుంజులా కనిపిస్తావు. గట్టిగా చుట్టు. దారి పొడుగునా ఆయనతో మాట్లాడుతూ నడువు, చుట్టుపక్కల ఉన్నవాళ్లకు వినబడేలా.