గణితమును ఊహాపోహములును

లెక్కలు రాని బాలునకు బుద్ధి లేదనుట మన యిండ్లలో వాడుకయైనది. వాడు తప్పు చేసినచో ఎక్కములు మరల వల్లింపుమందుము. అప్పటికిని రాకున్న బెత్తము చూపుదుము. లోపమంతయు జ్ఞాపకమునందే కలదని మన తలంపు. చరిత్రను పరిశీలించినచో ఈ తలంపు నిలువదు.

క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానినే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణకునకు ఎనిమిది గుణములు వలయునని మహావీరుడు చెప్పినాడు. వానిలో ధారణ, అనగా జ్ఞాపకము, ఒక్కటి మాత్రమే. ఊహాపోహములు మరి రెండు. ఈ త్రోవను ఫలము లభించునా యని ముందుగా తలపోయుట ఊహ. లభింపదేమో యని శంకించుట అపోహ. నేడు మనము అపోహయను మాటను దురభిప్రాయమను అర్థమున వాడుచున్నాము. ఆ యాచార్యునకు అది గుణము. తన బుద్ధి నడచు త్రోవను తానే కనిపెట్టియుండవలెనని ఆయన యుద్దేశమని మాకు తోచుచున్నది.

పాశ్చాత్యులును ఈ విషయమును వేరు దారిని చేరుకొనిరి. హంగరీలో జన్మించిన గణితజ్ఞుడు జార్జి పోల్యా 1945లో ప్రకటించిన గ్రంథమున, లెక్క ముగిసిన పిదప వెనుదిరిగి చూచుకొనుటను నాలుగవ మెట్టుగా నిలిపెను. 1976లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్లావెల్ తన తలంపును తానెరుగుటకు ‘మెటాకాగ్నిషన్’ అను పేరు వాడెను.

ఆ యెరుక లేనిచో నేమగునో అమెరికా దేశపు పరీక్షయొకటి చూపినది. 1983లో దాని ఫలితములు వెలువడెను. 1128 మంది సైనికులను, బస్సునకు 36 మంది చొప్పున, తీసికొనిపోవుటకు ఎన్ని బస్సులు కావలెనని పదుమూడేండ్ల పిల్లల నడిగిరి. నూటికి 70 మంది భాగహారమును సరిగా చేసిరి. కాని 32 అని చెప్పినవారు 23 మందియే! 29 మంది ‘31, శేషము 12’ అని వ్రాసిరి. శేషమనగా బస్సు దొరకక నిలిచిపోయిన పన్నెండుగురు మనుష్యులని వారికి తోచలేదు. వారికి భాగహారము వచ్చును. తమ జవాబును తాము ప్రశ్నించుట రాదు.

1985లో అలన్ షోన్‌ఫెల్డ్ అను గణితాచార్యుడు తన పరిశీలనములను గ్రంథరూపమున ప్రకటించెను. విద్యార్థులు లెక్క చదువగనే ఒక పద్ధతిని పట్టుకొని, అది ఎటు పోవుచున్నదో చూడకయే కాలమంతయు వెచ్చించుచుండిరి. అందుచే ఆయన తన తరగతిలో మాటిమాటికి మూడు ప్రశ్నలు వేయుచుండెను: ఏమి చేయుచున్నావు? ఎందులకు చేయుచున్నావు? దానివలన నీకేమి సాయము?

ఎక్కములు వలదని మేమనము. సరకు లేని యంగడిలో త్రాసేమి తూచును? అయినను ఎక్కములు వచ్చినంతనే వివేచన రాదు. వివేచనకు మూలము సందేహము. తప్పునకు దెబ్బ తినిన బిడ్డ సందేహమును దాచుకొనును, తొందరపడి ఏదో యొక యంకె వ్రాసి పలకను త్రోసివేయును. ఈ భయము గణితముతో ఆగునా? పెద్దవాడైన పిదప లోకులు చెప్పిన మాటనెల్ల తరచిచూడక తలయూపుటయు ఇచ్చటనే యలవడును.

కావున తలిదండ్రులారా, బిడ్డ లెక్క చేసి తెచ్చినపుడు తప్పొప్పులు వెంటనే చెప్పకుడు. ‘ఇది సరియని నీకెట్లు తెలిసినది?’ అని చల్లగా అడుగుడు. జవాబు సరియైననాడును అడుగుడు.