కంది వేరు, ఎర్రమట్టి, పటాన్‌చెరు

మా బాచుపల్లిలో అపార్ట్‌మెంట్ల పునాదులకు తవ్విన ఎర్రమట్టిని టిప్పర్లు రాత్రింబవళ్లు తరలిస్తున్నాయి. ఇటువంటి ఎర్రనేలలనే తెలంగాణలో చెల్కలంటారు. చెల్కలో జొన్న సాళ్ల నడుమ ఒక కంది సాలు వేయడం ఇక్కడి రైతుకు తాతల నాటి అలవాటు. ఆ అలవాటులోని రసాయన రహస్యం మనకు సమీపంలోని పటాన్‌చెరులోనే బయటపడిన సంగతి చాలామందికి తెలియదు. ఆరోగ్యం గురించి వ్రాసే చోట వేళ్ల ప్రస్తావన ఎందుకని పాఠకులు అడగవచ్చు. మన పళ్లెంలోని పప్పూ, మందుల పెట్టెలోని అనేక యాంటీబయాటిక్కులూ ఆ మట్టి సంసారం నుండి వచ్చినవే.

కథ 19వ శతాబ్దపు జర్మనీలో మొదలవుతుంది. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దానిని నేరుగా వాడుకోలేదు. అయినా పప్పుజాతి పైర్లు నత్రజని ఎరువు లేని నేలలోనూ ఏపుగా పెరుగుతాయి. హెర్మన్ హెల్‌రీగెల్ నత్రజని లేని ఇసుకలో బఠాణీని, ఓట్లను పెంచి చూశాడు. పొలం మట్టిని కలిపి తేర్చిన నీటిని కొద్దిగా పోయగానే బఠాణీ కోలుకుంది. ఓట్లకు ఏ ప్రయోజనమూ కలగలేదు. అదే నీటిని కాచి పోస్తే బఠాణీకి కూడా ఫలితం లేదు. కాచినప్పుడు చచ్చిపోయేది ఏదో ఆ నీటిలో ఉన్నదన్నమాట. ఆయన ఈ విషయాన్ని 1886లో బెర్లిన్‌లో ప్రకృతి శాస్త్రజ్ఞులు, వైద్యులు కలిసి జరుపుకున్న సభలో వెల్లడించాడు. వైద్యులు మట్టి కబుర్లు చెవినిడి విన్న రోజులవి! రెండేళ్లలో హాలండ్‌కు చెందిన బైయరింక్ వేరు బుడిపెల నుండి ఆ బాక్టీరియాను వేరుచేశాడు. అదే రైజోబియం.

వైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆ బుడిపె లోపలి రంగు. నెలన్నర వయసున్న వేరుశనగ మొక్కను మట్టితో సహా మెల్లగా పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్. 1939లో జపాన్ శాస్త్రజ్ఞుడు కుబో దానిని గుర్తించాడు. నత్రజనిని మార్చే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చేటు. బాక్టీరియా శ్వాసకు మాత్రం ఆక్సిజన్ కావాలి. ఈ ఎర్రని మాంసకృత్తు ఆక్సిజన్‌ను ఒడిసిపట్టి, కావలసినంత మేరకే అందిస్తుంది. మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది. ఆ నత్రజనే గింజలో మాంసకృత్తుగా మారి మన పప్పుగిన్నెలోకి చేరుతుంది. మాంసం కొనలేని ఇళ్లలో పిల్లల ఎదుగుదల ఎంతగానో ఈ బుడిపెల మీదనే ఆధారపడి ఉంది.

వేరు చుట్టూ ఉండే పలుచని మట్టిపొర ఒక ప్రత్యేక లోకమని గ్రహించి, 1904లో లోరెంజ్ హిల్ట్‌నర్ దానికి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. వేరు తాగడమే కాదు, చక్కెరలను, ఆమ్లాలను బయటకు స్రవిస్తుంది కూడా. వాటి కోసం సూక్ష్మజీవులు అక్కడ గుమికూడుతాయి.

ఇక పటాన్‌చెరు. 1972లో ఇక్రిశాట్ అక్కడ నెలకొన్నది. ఒకే ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉండడం పరిశోధకులకు కలిసివచ్చింది. ఎర్రనేలల్లో ఫాస్ఫరస్ ఎక్కువగా ఇనుముతో ముడిపడి ఉంటుంది, కనుక పైర్లకు అందదు. ఫాస్ఫరస్ ఎరువు వేయని ఎర్రమట్టిలో జొన్న, మొక్కజొన్న వంటివి కుంగిపోగా కంది నిలదొక్కుకుంది. కారణం వెదికిన ఆయె, అరిహర తదితర జపాన్ శాస్త్రజ్ఞులు, ఇక్రిశాట్ సహచరులు 1990లో సైన్స్ పత్రికలో సమాధానం ప్రకటించారు. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని స్రవిస్తుంది. అది ఇనుమును పట్టుకొని ఫాస్ఫరస్‌ను విడిపిస్తుంది. ఆ విడుదలలో కొంత తరువాతి పైరుకూ ఉపయోగపడుతుంది. చెల్కలో కందిని వదలని మన రైతు అమాయకుడేమీ కాడు.

వేరు దగ్గరా, కుళ్లుతున్న ఆకు దగ్గరా తిండి కోసం పెనుగులాడే సూక్ష్మజీవులే ఎన్నో యాంటీబయాటిక్కులకు పుట్టిల్లు. లెడర్లీ సంస్థలో మన భీమవరం వాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలో, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రంలో గడ్డి పెరిగే మడి నుండి వచ్చిన మట్టిలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో దానిని లోకానికి ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మట్టి మనకు మందు ఇచ్చింది. మనం తిరిగి మట్టికి ఇచ్చిందేమిటో కూడా పటాన్‌చెరులోనే నమోదైంది. దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మోతాదు ఉండదు. ఆ నీరు ఇసుకవాగులో కలిసింది. వాగు అడుగు మట్టిలోని బాక్టీరియాలో యాంటీబయాటిక్కులను తట్టుకునే జన్యువులు మెండుగా ఉన్నట్లు 2011లో మరో అధ్యయనం చూపింది. నేను ఉద్యోగంలో చేరిన తరువాతి కాలంలో టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్ససిన్ నమ్మకమైన మందు. నేడు మన దేశంలో దానిని నమ్ముకొని ఆ జ్వరానికి చికిత్స మొదలుపెట్టే వీలు లేదు. ఈ నష్టమంతటినీ ఆ వాగుకు అంటగట్టలేము. చీటీ లేకుండా అమ్మినవారూ, అవసరం లేకున్నా వ్రాసిన మావారూ, రెండు రోజులకే మానేసిన రోగులూ ఇందులో ఉన్నారు. కానీ కంది వేరును ఆశ్రయించి బ్రతికే బాక్టీరియాకు మందుచీటీ లేదు. ఏ నీరు పారితే ఆ నీటిలోనే అది బ్రతకాలి.