మధ్యయుగ కవచ పునర్నిర్మాణము

మధ్యయుగపు ఐరోపా యోధుల కవచములను చారిత్రక సాక్ష్యముల ననుసరించి, వ్యాపారదృష్టి లేక, స్వహస్తములతో నిర్మించు అభిరుచి. సమాధులపైని శిలాప్రతిమలు, వ్రాతప్రతులలోని చిత్రములు, తవ్వకములందు లభించిన అవశేషములు దీనికి ఆధారములు. 1361లో డెన్మార్కు రాజు నాల్గవ వాల్డెమార్ సేన గాట్లండ్ ద్వీపమందలి విస్బీ పురము వెలుపల స్థానిక కర్షకసైన్యమును నిర్మూలింపగా, మృతులను పూడ్చిన సామూహిక ఖననస్థలములు 20వ శతాబ్దమున బయల్పడినవి. అందు దొరకిన కవచములను గూర్చి బెంగ్ట్ థోర్డెమన్ 1939–40లలో రెండు సంపుటములుగా వెలువరించిన గ్రంథము ఈ నిర్మాతలకు ప్రామాణికము. తోలునకో వస్త్రమునకో లోపలివైపున ఇనుపరేకులను రివెట్లతో బిగించిన ఆ కవచములలో రేకుల సంఖ్యయు అమరికయు భిన్నభిన్నములగుటచే, నిర్మాత యొక నిర్దిష్ట నమూనానే అనుసరించుట మేలు. గొలుసుకవచమునందు కడియముల కొనలను చదునుచేసి రివెట్లతో బంధించుట నాటి పద్ధతి. కొనలను కేవలము చేరువచేసి విడుచుట శ్రమను తగ్గించునే గాని చరిత్రసమ్మతము కాదు.