దీర్ఘకాలిక మైగ్రేన్: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

మూడు నెలలకు మించి, నెలకు కనీసం 15 రోజులు తలనొప్పి ఉండి, వాటిలో కనీసం 8 రోజులు పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) లక్షణాలు కనిపిస్తే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. వికారం ఉంటుంది, వెలుతురూ చప్పుడూ భరించలేరు. ఆడవాళ్లలో ఎక్కువ. పలాసలో జీడిపప్పు పొట్టు తీసి బతికే మనిషికి మందుల ఖర్చు కన్నా పోయిన కూలే పెద్ద దెబ్బ. ఆ నష్టం ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనబడదు.

ఈ ప్రాంతంలో అసలు భయం డాక్టరు చీటీ లేకుండా కొనే నొప్పిమాత్రలతోనే. సాధారణ మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పికి వాడే మాత్రలు) లేదా మిశ్రమ మాత్రలు 10 రోజులు, లేదా అంతకు మించి, నెలల తరబడి వాడితే ఆ వాడకమే తలనొప్పిని పెంచుతుంది. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు చేటు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలున్న ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ప్రాణాలు తీస్తోంది. అక్కడ కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఈ మాత్రలు రోజుల తరబడి ఇవ్వడం తగదు.

నొప్పి రాకుండా వాడే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ చవకైనవే. దీర్ఘకాలిక మైగ్రేన్ నివారణకు అమెరికాలో 2010లో అనుమతి పొందిన బోటాక్స్ సూదులు 12 వారాలకోసారి వేయించుకోవాలి. కూలి కుటుంబాలకు అది అందనిది. నరాల వైద్యం కోసం విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌కు వెళ్లేవారికి చార్జీలతో పాటు తోడు వచ్చినవారి కూలీ పోతుంది.