నమ్మకానికి కొలబద్ద: వ్యాయామం చేయగలమా అన్న ప్రశ్న ఎలా పుట్టింది?

“రోజూ కాసేపు నడవమ్మా” అని డాక్టరు చెబితే సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా పెద్దవాళ్ల నోట తరచూ వినిపించే మాట “నాతోని గాదు బిడ్డా”. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం కింద జమకడతారు. జాతరకు దురాజ్‌పల్లి పెద్దగట్టు ఎక్కి వచ్చిన మనిషే పొద్దున్నే సద్దుల చెరువు కట్ట మీద నాలుగడుగులు వేయడానికి జంకవచ్చు. అక్కడ తక్కువైంది కాళ్లలో బలం కాకపోవచ్చు, చేయగలనన్న నమ్మకం కావచ్చు. ఆ నమ్మకాన్ని అంకెల్లో కొలిచే పద్ధతికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

అది మొదలైంది వ్యాయామంతో కాదు, పాముల భయంతో. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బాండూరా (1925–2021) అనే మనస్తత్వ శాస్త్రవేత్త పామంటే హడలిపోయేవాళ్ల మీద పరిశోధన చేశారు. పాము దగ్గరికి వెళ్లడం, తాకడం, చేత్తో పట్టుకోవడం, చివరకు ఒళ్లో పాకనివ్వడం. ఇలా ఒక్కో మెట్టు చెప్పి, అది చేయగలమన్న నమ్మకం ఎంతుందో నూటికి అంకె వేయమనేవారు. ఎవరు ఏ మెట్టు దాకా వెళ్తారో ఆ అంకెలను బట్టి చాలావరకు ముందే తెలిసిపోయేది. ఈ ఆలోచనకు 1977లో ఆయన సిద్ధాంతరూపం ఇచ్చారు.

ఈ నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నారు బాండూరా. స్వయంగా చేసి చూడడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, నమ్మినవాళ్లు ధైర్యం చెప్పడం, ఒంట్లో కలిగే ఆయాసాన్నీ దడనూ సరిగా అర్థం చేసుకోవడం. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ.

1990వ దశకం మొదట్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మెకాలే నడివయసువాళ్ల వ్యాయామం మీద పనిచేస్తూ 13 అడ్డంకులతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. దాన్ని వృద్ధులకు తగ్గట్టు సవరించి 2000లో ప్రచురించినవారు బార్బరా రెస్నిక్, లూయిస్ జెన్‌కిన్స్. రెస్నిక్ నర్సింగ్ రంగం మనిషి. ఆ కొలమానంలో ఉన్నవి 9 ప్రశ్నలే: వాతావరణం ఇబ్బంది పెట్టినా, విసుగొచ్చినా, నొప్పి పుట్టినా, ఒంటరిగా చేయాల్సి వచ్చినా, ఇష్టం లేకపోయినా, వేరే పనులున్నా, అలసటగా ఉన్నా, ఒత్తిడిలో ఉన్నా, దిగులుగా ఉన్నా వారానికి మూడుసార్లు 20 నిమిషాల చొప్పున వ్యాయామం చేయగలనన్న నమ్మకం మీకు ఎంత ఉంది? ఒక్కోదానికి సున్నా నుంచి 10 దాకా మార్కులు.

ఈలోగా మరో పాయ కూడా చీలింది. పడిపోతామన్న భయం వృద్ధులను మంచానికి కట్టేస్తుందని గమనించిన వైద్యురాలు మేరీ టినెటి, 1990లో తన సహచరులతో కలిసి స్నానం, వంట, కుర్చీలోంచి లేవడం వంటి 10 రోజువారీ పనుల మీద ప్రశ్నలు రూపొందించారు. 2005లో యూరప్ పరిశోధకులు దాన్ని 16 ప్రశ్నలకు పెంచి, జారుడు నేల, ఎగుడుదిగుడు దారి, జనసమ్మర్దం కూడా చేర్చారు.

ఈ ప్రశ్నలు మన ఊళ్లకు వచ్చినప్పుడు వాటి లోపలి సరుకు మారాలి. వాతావరణం అంటే అమెరికాలో మంచు గుర్తుకు రావచ్చు. ఇక్కడ అది మే నెల ఎండ. ఒంటరిగా నడవడమంటే వీధి కుక్కలు, 65వ నంబరు జాతీయ రహదారి మీది లారీలు. సాగర్ ఎడమ కాలువ కింద ఏళ్లతరబడి నడుం వంచి నాట్లేసిన అవ్వకు వ్యాయామమన్న మాటే కొత్త. “జిందగంత పనే జేస్తి, మళ్ల ఇదేంది?” అంటుంది. ఆమెతో నడక గురించి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం గురించి మాట్లాడాలి. నొప్పి ప్రశ్న ఇక్కడ మరీ బరువైనది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఎందరి ఎముకలనో, కీళ్లనో బిగదీశాయి. అలాంటివాళ్లకు ధైర్యం చెప్పేముందు వైద్య పరీక్ష జరగాలి.

మొత్తం మార్కులు ఒక్కటే చూస్తే మనిషి కనబడడు. మిర్యాలగూడలో ఇద్దరికి 90కి 45 వచ్చాయనుకుందాం. ఒకాయన నొప్పి దగ్గర సున్నా వేశాడు, ఒకామె ఒంటరితనం దగ్గర సున్నా వేసింది. ఆయనకు కావలసింది మోకాళ్లు చూసే డాక్టరు, ఫిజియోథెరపిస్టు. ఆమెకు కావలసింది పక్కింటి తోడు. ఇద్దరికీ ఒకే సలహా చీటీ రాసిస్తే ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోతారు.

65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, మూడు రోజులైనా తూకం నిలిపే, కండబలం పెంచే కసరత్తులు చేయాలనీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ లెక్క వినిపించి చేతులు దులుపుకుంటే సరిపోదు. “ఏమొస్తే ఆగిపోతవ్ అవ్వా?” అని ముందు అడగాలి. తక్కువ అంకె ఎక్కడ పడిందో అక్కడ అయిదు నిమిషాల నడకతోనైనా సరే మొదలుపెట్టించాలి. చేసి చూసిన పనే నమ్మకాన్ని పెంచుతుంది గనక, నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి అంకె ఎంత పెరిగిందో ఆమెకే చూపించాలి.