హైదరాబాద్ – షికాగో: విమాన దూరం, ప్రయాణ కాలం

(పత్రికా విలేకరులు, అధికారుల ఉపయోగార్థం నేపథ్య వ్యాసం)

అమెరికాలో నివసిస్తున్న తెలుగువారి రాకపోకలకు సంబంధించిన వార్తలలో, ప్రకటనలలో దూరం, గాలిలో గడిచే సమయం, మొత్తం ప్రయాణ కాలం, గడియారం చూపే సమయం అనే నాలుగు అంశాలు తరచుగా కలగాపులగమవుతుంటాయి. తల్లిదండ్రుల అంత్యక్రియలకు బయలుదేరిన కుమారుడు ఏ రోజు చేరుకుంటాడన్న ప్రశ్నకు ఒక పూట తేడాతో సమాధానం చెప్పడం స్వల్ప విషయం కాదు.

భూగోళంపై అతి చిన్న మార్గాన్ని అనుసరించి శంషాబాద్ విమానాశ్రయం నుండి షికాగో ఓహేర్ విమానాశ్రయానికి దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. ఇది దాదాపు 8,250 మైళ్లు. వైమానిక రంగంలో వాడే నాటికల్ మైళ్లలో దాదాపు 7,170. ఈ రెండు మైళ్లను ఒకటిగా భావించడం వల్లనే ఒకే మార్గానికి రెండు భిన్నమైన అంకెలు అచ్చవుతున్నాయి. గోడ పటంపై అట్లాంటిక్ మీదుగా కనిపించే సరళరేఖ అసలు దారి కాదు. గోళంపై ఆ రేఖ పామీరు పర్వతాలను దాటి, గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్‌ల నడుమ ఉత్తర ధ్రువానికి చేరువగా సాగుతుంది.

ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న హైదరాబాద్ నుండి షికాగోకు నేరుగా విమానం నడిపింది. ఆ సర్వీసు తరువాత నిలిచిపోయినా, దాని కాలపట్టిక నేటికీ ఉపయోగపడే ఉదాహరణ. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12.50కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 6.05కి షికాగో చేరాలి. గడియారం ప్రకారం 5 గంటల 15 నిమిషాలే! వాస్తవానికి 16 గంటల 45 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో బుధవారం రాత్రి 9.30కి బయలుదేరిన విమానం శుక్రవారం 00.40కి, అనగా గురువారం అర్ధరాత్రి దాటిన తరువాత, హైదరాబాద్ చేరుతుంది. తేదీలు చూస్తే రెండు రోజులనిపించినా పట్టేది 15 గంటల 40 నిమిషాలు మాత్రమే. పడమటి నుండి తూర్పునకు వీచే ఎత్తైన గాలులు తిరుగు ప్రయాణానికి తోడ్పడతాయి.

మజిలీల విషయంలో దూరం కంటే నిరీక్షణే ముఖ్యం. ఢిల్లీ దాదాపు ఈ రేఖపైనే ఉన్నందున అక్కడ దిగినా దూరం పెరగదు. దుబాయ్ మీదుగా వెళితే పెరిగేది సుమారు 900 కిలోమీటర్లు, అంటే గాలిలో ఒక గంట. మిగిలిన జాప్యమంతా విమానాశ్రయంలో వేచి ఉండడం వల్ల కలిగేదే.

గగనతల ఆంక్షలు ఈ లెక్కలను మార్చివేస్తాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినప్పుడు ఢిల్లీ నుండి పడమటికి వెళ్లే విమానాలు చుట్టుదారి పట్టవలసి వచ్చింది. కొన్ని దూరప్రయాణ విమానాలు ఇంధనం కోసం మధ్యలో ఆగాయి. నగరాల మధ్య దూరం మారలేదు. ప్రయాణ కాలం మారింది.

షికాగో సమయం శీతకాలంలో మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనుక. మార్చి రెండవ ఆదివారం నుండి నవంబర్ మొదటి ఆదివారం వరకు 10 గంటల 30 నిమిషాలే. కాబట్టి రాకపోకల సమయాలు ప్రకటించేటప్పుడు ప్రతి గంట పక్కన ఊరి పేరు, తేదీ, వారం తప్పక పేర్కొనవలెను. అర్ధరాత్రి దాటిన రాకకు "గురువారం రాత్రి" అని గాక "శుక్రవారం తెల్లవారితే" అని గాక, 00.40 అని తేదీతో వ్రాయడం క్షేమకరం.